కొలిమిగుండ్ల దగ్గర నాపరాయి

బెలుం గుహల గురించి రాద్దామని కూర్చుంటే, గుహల కన్నా ముందు కొలిమిగుండ్లలో బస్సు కోసం పడిగాపులు కాసిన గంటన్నరే గుర్తుకొస్తోంది. తాడిపత్రి బస్సు అక్కడ దింపేసింది. గుహలు ఇంకో మూడు కిలోమీటర్లు. దానికి ఆటోవాళ్లు రెండొందలు అడిగితే మనసొప్పలేదు. నిమ్మసోడా ఒకటి తాగి, పిండేసిన నిమ్మచెక్క పట్టుకునే, నాపరాళ్లు కొట్టే చోట వేపచెట్టు నీడకు చేరాను.

ఆ ప్రాంతమంతా నాపరాయే. ఇంటి గోడ, దొడ్డి చుట్టూ నిలబెట్టిన బండలు, అరుగు, అన్నీ అదే. మాది కరీంనగర్. మాకు రాయంటే గ్రానైటు గుట్ట. భూమి లోపల కరిగిన రాయి నిదానంగా చల్లారి గట్టిపడింది కాబట్టి మెరిసే పలుకులు ఒకదాన్లో ఒకటి ఇరుక్కుని ఉంటాయి, పొర అన్నదే కనిపించదు. ఇక్కడేమో ఒక ముసలాయన బండ అంచున ఉలి ఆనించి, సుత్తితో నాలుగు చోట్ల మెల్లగా తట్టాడు. కట్టలోంచి అప్పడం ఊడొచ్చినట్టు పలక విడిపోయింది. రంపం తగలకుండానే లోపలి ముఖం నున్నగా ఉంది.

"ఏం నాయనా, అంత జూస్తాండావు?"

"ఇంత సాపుగా ఎట్ల వచ్చింది తాతా?"

"పొర జూసి కొట్టాల. అడ్డం కొడితే ముక్కలైతాది."

ఒకప్పుడు ఇక్కడ లోతు తక్కువ సముద్రం ఉండేది. చేపలూ గవ్వపురుగులూ ఇంకా పుట్టని కాలమది. నీళ్లలోని సున్నం సన్నటి బురదగా అడుక్కి దిగింది. దాని మీద కాస్త బంకమన్ను, మళ్లీ సున్నం. పై పొరల బరువుకు కింది పొరల్లోని నీళ్లు పిండుకుపోయాయి, సున్నమే జిగురై రేణువులను అతికించింది. బంకమన్ను ఎక్కువ కలిసిన చోట ఆ అతుకు గట్టిగా పట్టలేదు. తాత ఉలి వెతికేది ఆ గీతనే.

తాళంచెవితో బండను గీకితే తెల్లటి పొడి రాలింది. గ్రానైటు మీదైతే తాళంచెవే అరిగేది. ఆ పొడి మీద నిమ్మచెక్క పిండితే సన్నటి బుడగలు లేచాయి. సున్నపురాయి గుర్తు అదే. ఇసుకరాయైతే చేతికి గరగరలాడుతుంది.

మా అమ్మ వంటింటి గట్టు కడప బండ, అదీ ఇలాంటి సున్నపురాయే. నిమ్మరసం, చింతపండు పులుసు పడ్డ చోటల్లా తెల్లగా మచ్చలు. కొట్టువాడు నాసిరకం అంటగట్టాడని ఏళ్లతరబడి తిట్టుకుంటూ తోమింది పాపం. ఆ బుడగలు చూశాకే నాకర్థమైంది, పులుపు ఆ రాయిని తినేస్తుందని.

చివరికి బస్సొచ్చింది. గుహలను తొలిచిందీ పులుపే. మట్టిలోంచి కార్బన్ డయాక్సైడ్ కలుపుకుని కాస్త పుల్లబడిన వాననీళ్లు, పగుళ్లలో దిగి, అదే సున్నపురాయిని కరిగించుకుంటూ పోయాయి. 1884లో బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ ప్రస్తావించిన ఈ గుహల పొడవు 3,229 మీటర్లు. లోపల ఉక్కకు చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. అయినా గోడ వారగా టార్చి వేసి చూస్తే, తాత బండ అంచున ఉన్న అవే అడ్డగీతలు. వాటిని చూసుకుంటూ చాలాసేపు అక్కడే తిరిగాను.