డీఓ పుస్తకం చివరి పేజీలు

రొయ్యల చెరువు చేసేవాళ్లకి తెల్లవారుజాము 3 గంటల సంగతి వేరే చెప్పక్కర్లేదు. పగలు ఎండకి ఆక్సిజన్ ఇచ్చే ప్లాంక్టనే (నీళ్లలో తేలే కంటికి కనపడని నాచు) చీకటి పడ్డాక రొయ్యలతో పోటీ పడి దాన్ని పీల్చుకుంటుంది. అందుకే సూర్యుడు రాకముందు డీఓ, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, బాగా కిందికి పడిపోతుంది. లీటరుకి 4 మిల్లీగ్రాములు దాటి ఉంటే ఊపిరి పీల్చుకుంటాం. ఆ టైంలో కరెంటు పోయి ఏరేటర్లు (నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) ఆగి, జనరేటర్ కూడా మొరాయించిందా, పెట్టుబడంతా నీళ్లపాలే.

మాది భీమవరం పక్కన 4 ఎకరాల లీజు చెరువు. వనామీ రకం రొయ్య వేస్తాం. రెండేళ్ల కిందట తెల్లమచ్చ రోగం తగిలి 40 రోజులకే రొయ్యలు పట్టేశాం. అప్పట్నుంచి నాకు అలారంతో పని లేదు, సరిగ్గా 3 గంటలకి మెలకువ వచ్చేస్తుంది. ఏరేటర్ల చప్పుడు చక్కగా వినిపిస్తూనే ఉంటుంది, అయినా గుండె దడ, అరచేతుల్లో చెమట. ఓసారి ఎడమ చెయ్యి లాగుతోందని భీమవరం పరిగెత్తాం. ఈసీజీ బాగానే ఉంది. ఆందోళన వల్లేనని చెప్పిన డాక్టరుగారు, రోజుకి టీలు ఎన్ని తాగుతారని అడిగారు. నేను వేళ్లు లెక్కపెట్టుకుంటుంటే మా ఆవిడ "ఎనిమిదండి, ఆయ్" అనేసింది.

కెఫీన్ సగం తగ్గడానికే దాదాపు 5 గంటలు పడుతుందట. రాత్రి 8 గంటలకి గట్టు మీద తాగిన టీ ఒంటిగంటకి కూడా సగం నా ఒంట్లోనే కూర్చుందన్నమాట. మధ్యాహ్నం 3 తర్వాత మానేశాను. మొదటి వారం తలనొప్పితో చచ్చాను, అది మాత్రం ఎవరూ ముందు చెప్పలేదు.

ఊపిరి సంగతి కూడా డాక్టరుగారే చెప్పారు. 4 లెక్కపెడుతూ పీల్చడం, 6 లెక్కపెడుతూ వదలడం. పీల్చినప్పుడు గుండె కాస్త వేగంగా, వదిలినప్పుడు కాస్త నెమ్మదిగా కొట్టుకుంటుంది కాబట్టి వదిలేది పొడుగ్గా ఉండాలి. కళ్లు మూసుకుని చేస్తే నాకు ఇంకా భయమేసింది. కళ్లు తెరిచి, ఏరేటర్ చప్పుడుకి లెక్క కలుపుకున్నాక కుదిరింది.

నాకు అన్నిటికన్నా పనికొచ్చింది మాత్రం డీఓ పుస్తకం. అందులో రోజూ రీడింగులు, మేత లెక్క రాస్తాం. చివరి పేజీల్లో నిలువుగా ఓ గీత కొట్టాను. ఎడమవైపు ఈ రాత్రికి నేను చేయగలిగినవి, కుడివైపు నా చేతిలో లేనివి. సాయంత్రం 6 గంటలకి, షెడ్డు ముందు మంచం మీద, పావుగంట. "జనరేటర్‌లో డీజిల్ చూడాలి" ఎడమ. "కౌంట్ రేటు పడిపోతుందేమో" (కిలోకి ఎన్ని రొయ్యలన్న లెక్కన ఇచ్చే ధర) కుడి. "పక్క చెరువులో రోగమట" అని రాయబోయి ఆగాను. అది కుడివైపే, కానీ మా గట్టుకి వల కట్టించడం, పక్క చెరువు నీళ్లు ఇటు రాకుండా చూసుకోవడం ఎడమవైపు. అలా ఒక్క భయం రెండు ముక్కలయ్యేసరికి సగం బరువు దిగింది. మూడింటికి అవే ఆలోచనలు వస్తే, రాసేశాంగా, రేపు 6 గంటలకి చూద్దాం అనుకుంటాను. అయినా నిద్ర పట్టకపోతే పక్కమీద దొర్లకుండా లేచి, రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రేలు కడుగుతాను. రోజూ పనిచేస్తుందని అనను.

వాట్సాప్‌లో రేట్ల గ్రూపులు రాత్రి చూడటం మానేశాను. పొద్దున్నే కాలవ గట్టు మీద నడక. వేసవిలో కాలవలు కట్టేశాక ఆ బురద వాసనకి నడక కూడా మానేస్తాను, దాచేదేముంది.

మా బావకి చెబితే "మగాడివి, టెన్షనేంట్రా" అంటాడు. అందుకే మనసు బాధలకి ఫోన్‌లో సాయం చేసే టెలీ మానస్‌కి ఫోన్ చేశాను. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టింది, నంబరు 14416. ఉచితం, ఏ వేళప్పుడైనా చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు. పేరు చెప్పకుండానే అరగంట మాట్లాడాను. తర్వాత వారం బావ మెల్లిగా పక్కకి పిలిచి, "ఆ నంబరు ఏదో అన్నావు..." అని అడిగాడు.

నిన్న మళ్లీ మూడింటికి మెలకువ వచ్చింది. టార్చి వేసి చివరి పేజీ తీశాను. నా రాత కింద మా ఆవిడ రాత: "పెద్దదాని కాలేజీ ఫీజుకి సోమవారం ఆఖరు. ఎడమవైపే రాశాను, చూసుకోండి."