కరిచిన కుక్క కోసం వెదుకుతూ

నా పనిదినం ఆసుపత్రి రిజిస్టరుతో మొదలవుతుంది. టాంజానియా ఉత్తరాన, మారా ప్రాంతంలో, సెరెంగెటి జాతీయ వనానికి పడమటి అంచున ఉన్న ముగుము అనే చిన్న పట్టణం మా మకాం. కుక్క కరిచిందని రేబిస్ టీకాకు వచ్చినవారి ఊళ్ళు ఆ రిజిస్టరులో రాసి ఉంటాయి. వాటిని పట్టుకుని మేము ఇళ్ళు వెదుక్కుంటూ వెళ్తాము. కరిచిన కుక్క ఎవరిది, కరవడానికి ముందు ఎట్లా తిరిగింది, తర్వాత బతికిందా చచ్చిందా, అంతకుముందు దాన్ని మరో కుక్కో నక్కో కరిచిందా అని అడుగుతాము. ఒక వాకిట్లో దొరికిన జవాబు ఇంకో వాకిటికి దారి చూపిస్తుంది. నెల తిరిగేసరికి ఏ జంతువు నుంచి ఏ జంతువుకు, అక్కడి నుంచి ఏ మనిషికి జబ్బు పాకిందో ఒక వంశవృక్షంలాగా కాగితం మీద నిలబడుతుంది.

ఇక్కడ రేబిస్‌ను స్వాహిలి భాషలో కిచా చా మ్బ్వా అంటారు. అంటే కుక్క పిచ్చి. మొదటిసారి విన్నప్పుడు మన పిచ్చికుక్క మాటే వేషం మార్చుకుని ఎదురొచ్చినట్టు అనిపించింది. పెద్దవాళ్ళు కనబడితే షికామో అని పలకరించాలి, వాళ్ళు మరహబా అన్న తర్వాతనే వచ్చిన పని చెప్పాలి. దండం పెట్టకుండా పెద్దల ముందు నోరు విప్పితే మా అమ్మ ఊరుకునేది కాదు కాబట్టి ఈ పద్ధతి నాకు నేర్చుకున్నట్టే లేదు. మధ్యాహ్నం ఎవరింట్లోనైనా పెట్టే ఉగాలి కూడా మక్క గట్కకు దగ్గరి చుట్టమే. చేత్తో ముద్ద చేసుకుని కూరలో అద్దుకుని తింటాము.

నేను ఈ జబ్బును ఎంచుకోవడం వెనుక మా చిన్నాయన ఉన్నాడు. అచ్చంపేట అవతల, నల్లమల మొదలయ్యే చోట మా ఊరు. మాది గొర్లను నమ్ముకున్న కురుమ ఇల్లు. నాకు పదకొండేళ్ళప్పుడు మంద కాడ కావలి ఉన్న చిన్నాయనను ఒక పరాయి కుక్క పిక్క మీద కరిచింది. గాయానికి సున్నం, పసుపు పెట్టారు, నాటు మందు తాగించారు. పట్నం పోయి బొడ్డు చుట్టూ 14 సూదులు వేయించుకోవాలంటే ఆ రోజుల్లో గొర్లను వదిలి అన్ని దినాలు అక్కడే ఉండాలి, పైగా ఆ సూదులంటే అందరికీ హడలు. గొర్రె మెదడు నుంచి తయారు చేసిన ఆ పాత టీకా తయారీని మన దేశంలో 2004లో ఆపేశారు. ఇప్పుడు భుజానికి వేసే టీకా కొద్ది మోతాదులతోనే ముగుస్తుంది. గాయం మానిపోయింది, అందరూ మరిచిపోయారు. రెండు నెలలు దాటిన తర్వాత ఒక పొద్దున ఆయన చెంబు నీళ్ళు నోటి దాకా తెచ్చుకుని మింగలేక వణికిపోయాడు. మూడు రోజుల్లో పోయాడు.

ఆ రెండు నెలల్లో ఏం జరిగిందో పశువైద్యం చదివాక గానీ నాకు తెలియలేదు. రేబిస్ వైరస్ గాయం దగ్గరి కండలో ప్రవేశించి, నరాన్ని పట్టుకుని మెల్లగా మెదడు వైపు నడుస్తుంది. మనిషికి ఏ బాధా తెలియని ఆ నడక కాలమే మనకు దొరికే గడువు. కరిచిన వెంటనే సబ్బుతో, ధారగా పోసే నీళ్ళతో 15 నిమిషాల పాటు గాయాన్ని కడిగి, టీకాలు వేయించుకుని, లోతైన గాయమైతే దాని చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్, అంటే వైరస్‌ను అక్కడికక్కడే అడ్డుకునే సిద్ధమైన యాంటీబాడీల మందు కూడా ఎక్కించుకుంటే ప్రాణం దక్కుతుంది. లక్షణాలు బయటపడ్డాక మందు లేదనే చెప్పాలి. సున్నం, కారం, జిల్లేడు పాలు గాయాన్ని ఇంకా రేపుతాయే తప్ప వైరస్‌ను కడిగేయవు.

మనుషుల్లో వచ్చే రేబిస్ నూటికి 99 పాళ్ళు కుక్కల ద్వారానే వస్తున్నది. అయినా ఖర్చంతా కాటు పడిన తర్వాత మనుషుల టీకాల మీదనే పెడుతున్నాము. ఇది నాకు మింగుడుపడని విషయం. ఒక పిచ్చికుక్క సగటున ఒకటి, రెండు కుక్కలకు మించి జబ్బును అంటించలేదని సెరెంగెటి, న్గోరోంగోరో జిల్లాల్లో మేము చేసే ఇటువంటి వెదుకులాట ద్వారానే లెక్కతేలింది. అంటే ఇది ఆపగలిగిన జబ్బు. ఏటా 70 శాతం కుక్కలకు టీకా వేయాలని చెప్పడానికి కారణం వేరే ఉంది. ఊరి కుక్కల బతుకు చిన్నది. టీకా పడినవి చచ్చిపోతుంటాయి, కొత్త పిల్లలు పుడుతుంటాయి, కాబట్టి ఈ రోజు 70 ఉన్న శాతం మరుసటి ఏటికి బాగా పడిపోతుంది. అట్లా పడిపోయినా జబ్బు మళ్ళీ రాజుకోని మట్టంలోనే ఉండాలన్నదే ఆ లెక్క. టీకా శిబిరానికి పిల్లలు తాళ్ళు కట్టి పెద్ద కుక్కలను లాక్కొస్తారు గానీ, నెల కుక్కపిల్లలను ఇంట్లోనే వదిలేస్తారు. చిన్నవి కదా, తట్టుకోలేవనుకుంటారు. నిజానికి వాటికీ వేయవచ్చు, వేయాలి. వచ్చే ఏడాది ఊరంతా తిరిగేవి అవే.

కరెంటు లేని ఊళ్ళకు టీకా చేర్చడం ఒకప్పుడు గండంగా ఉండేది. ఒక రకం రేబిస్ టీకాను 25 డిగ్రీల వేడిలో 6 నెలలు, 30 డిగ్రీల్లో 3 నెలలు ఉంచినా కుక్కల్లో పనిచేస్తున్నదని టాంజానియాలోనే జరిగిన పరిశోధన నిరూపించింది. మట్టి కుండలో చల్లగా దాచి ఊరిలోనే ఉంచుకునే పద్ధతిని చూసినప్పుడు ఎండాకాలం మా ఇంటి ముందు ఉండే రంజన్ గుర్తొచ్చింది. కుండ గోడల చెమ్మ ఆవిరైపోతూ లోపలి వేడిని తీసుకుపోతుంది. మన ఇళ్ళల్లో అవ్వలకు తెలియని సంగతేమీ కాదు.

అడవి సంగతి ఇంత సూటిగా ఉండదు. 1994లో డిస్టెంపర్ అనే కుక్కల జబ్బు సెరెంగెటి సింహాల్లో చొరబడి మూడో వంతును, సుమారు 1000 సింహాలను పొట్టన పెట్టుకుంది. ఇది మనుషులకు రాదు, కానీ కుక్కలకు, నక్కలకు, దుమ్ములగొండ్లకు, సింహం, పులి వంటి పెద్ద పిల్లి జాతి జంతువులకూ వస్తుంది. అయితే సింహాలకు ఈ వైరస్ అంతకుముందు కూడా సోకి పెద్ద నష్టం లేకుండా పోయిన సందర్భాలున్నాయి. మరి ఆ ఏడే ఎందుకంత చావు? 1993లో కరువొచ్చింది. చిక్కిపోయిన అడవిదున్నల ఒంటి నిండా పిడుదులు పట్టాయి. వాటిని తిన్న సింహాలకు పిడుదుల ద్వారా వచ్చే బబేసియా అనే రక్త పరాన్నజీవి విపరీతంగా సోకింది. డిస్టెంపర్ వచ్చి రోగనిరోధక శక్తిని కుంగదీయగానే రెండూ కలిసి చంపాయి. చుట్టుపక్కల ఊళ్ళ కుక్కలకు టీకాలు వేస్తే రేబిస్ అడవిలో కూడా తగ్గింది, ఎందుకంటే అక్కడ దాన్ని నిలబెడుతున్నది ఊరి కుక్కలే. డిస్టెంపర్ మాత్రం కుక్కల్లో తగ్గినా సింహాలకు సోకుతూనే ఉన్నది. అడవి జంతువుల్లోనూ అది నిలదొక్కుకుందని అర్థం. ఒకే శిబిరంలో, ఒకే కుక్కకు వేసిన టీకాలు రెండు జబ్బుల మీద రెండు విధాలుగా ఫలించడం నన్ను ఇంకా ఆలోచింపజేస్తూనే ఉంటుంది.

ఇక్కడ వనం అంచున నిలబడితే నాకు మన్ననూరు ఘాటు కనిపిస్తుంది. అమ్రాబాద్ అడవిలో పులులు, చిరుతలు, రేచుకుక్కలు ఉన్నాయి. లోపల పెంటలనే గూడేల్లో చెంచుల వెంట వేటకూ కావలికీ కుక్కలున్నాయి. చుట్టూ మా వంటి కాపరుల మందలు, మంద కుక్కలు ఉన్నాయి. 2018లో గుజరాత్‌లోని గిర్ అడవిలో కొద్ది రోజుల్లో 20కి పైగా సింహాలు చనిపోయినప్పుడు, వాటిలో కొన్నింటికి డిస్టెంపర్ సోకినట్టు తేలింది. మన దగ్గర కాటుకు గురైన మనిషి లెక్క ఆసుపత్రిలో, పశువు లెక్క పశువైద్యశాలలో, చనిపోయిన చిరుత లెక్క అటవీశాఖలో ఉంటుంది. ఈ మూడు పుస్తకాలనూ ఒక బల్ల మీద తెరిచి పక్కపక్కన చదవాలన్నది నా కోరిక.

అమ్మ ఫోన్‌లో ఎప్పుడూ ఒకటే అడిగేది. "కుక్కలకు సూదులేసేతందుకు గింత దూరం పోవాల్నా బిడ్డా? మన కాడ కుక్కల్లేవా?" నేను జీతం గురించో, నేర్చుకునే పని గురించో చెప్పేవాణ్ణి. మా తాత మట్టి పనికి మేస్త్రీ వెంట దేశమంతా తిరిగినవాడు. పాలమూరు ఇళ్ళకు దూరాలు కొత్త కాదు. అయినా ఆ ప్రశ్నకు అవి జవాబులు కావని నాకు తెలుసు.

మొన్న డిసెంబరులో సెలవుకు వెళ్ళినప్పుడు, మండల పశువైద్యశాలలో పనిచేసే చిన్ననాటి స్నేహితుడు టీకాలు పట్టుకొచ్చాడు. మా అన్న మందతో తిరిగే రెండు కుక్కలకు వాకిట్లోనే వేశాము. అమ్మ వాటి మెడలు పట్టుకుని కూర్చుంది. రెండోదాన్ని వదిలిపెట్టాక అడిగింది.

"మన రెండిటికేస్తే ఆగుతదా? మీ చిన్నాయనను కరిచింది మన కుక్క కాదు గదా. ఎనకింటోళ్ళ కుక్కకో? గుడి కాడ పండేటియ్యో?"

ఐస్ డబ్బా భుజానికి తగిలించుకుని లేచాము. అమ్మ ముందు నడిచి ఏ కుక్క ఎవరింటి బువ్వ తింటదో చెప్పుకుంటూ పోయింది. మా వాడలో 11 కుక్కలు తేలాయి. చీకటి పడేలోగా 8 దొరికాయి. మిగిలిన మూడూ చెరువు కట్ట వైపు పారిపోయాయి, తెల్లారి గట్క కుండ పట్టుకుని అమ్మే పిలుస్తానన్నది.