నలభై బిందెల గాలి

పాత డౌన్ స్లీపింగ్ బ్యాగు, అంటే బాతుల మెత్తటి నూగు ఈకలు నింపిన పడక సంచి, ఉతకడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. అందులో మూడు రోజులు ఆరబెట్టడానికే పోయాయి. ఏప్రిల్ ఎండల్లో, అనంతపురంలో, మా మిద్దె మీద.

అసలు దాన్ని కొనేదాకా వచ్చిన కథ ముందు చెప్పాలి. మనాలిలో పర్వతారోహణ బేసిక్ కోర్సు చేసినప్పుడు బ్యాగు వాళ్లే ఇచ్చారు. కప్పుకుని పడుకోవడం తప్ప దాని గురించి ఆలోచించే పని పడలేదు. మరుసటి ఏడు స్పితి పోతూ సొంతానికి ఒకటి కొన్నాను. మీద మైనస్ 15 అని పెద్దక్షరాలతో రాసుంది. బయట మైనస్ 6 ఉన్న రాత్రి కూడా పళ్లు టకటకలాడాయి. నా ఒంట్లోనే ఏదో లోపముందనుకున్నాను. ఇంటికొచ్చి లోపలి లేబుల్ చదివాక అర్థమైంది, ఆ మైనస్ 15 హాయిగా నిద్రపోయే అంకె కాదని.

బ్యాగులకు ఐఎస్ఓ 23537 అనే ప్రమాణం ఉంది. అందులో మూడు అంకెలుంటాయి. కంఫర్ట్ అంటే ఒక మామూలు ఆడమనిషి వణక్కుండా కాళ్లు చాపుకుని పడుకోగల చలి. లిమిట్ అంటే మగమనిషి ముడుచుకుని పడుకుని ఎట్లో తెల్లవార్చుకోగల చలి. ఎక్స్‌ట్రీమ్ అంటే ఆరు గంటలపాటు ప్రాణం పోకుండా ఉండగల చలి, అంతే. నా బ్యాగు మీద పెద్దగా వేసింది ఈ మూడోది. ఆడపిల్లలు ఎవరైనా బ్యాగు కొంటుంటే కంఫర్ట్ అంకె ఒక్కటే చూడండి, మిగతా రెండూ మీకు లేవనుకోండి. పెద్ద శిఖరాలకు వాడే బ్యాగులు ఆ ప్రమాణం కిందికి రానే రావు. అక్కడ కంపెనీ చెప్పే అంకె కన్నా లోపల ఎన్ని గ్రాముల డౌన్ ఉంది, దాని ఫిల్ పవర్, అంటే పొంగే గుణం, ఎంత, ఎట్లా కుట్టారు అన్నదే ఆధారం.

లడఖ్‌లో నున్ శిఖరం ఎక్కే జట్టులో నాకు చోటు దొరికింది. 7,135 మీటర్లు. పై క్యాంపుల్లో రాత్రిళ్లు మైనస్ 20 దాకా పోవచ్చన్నారు. అంత చలికి పనికొచ్చే కొత్త బ్యాగంటే నా రెండు నెలల జీతం. బెంగళూరులో మోకాలు నొప్పితో కొండలు మానేసిన ఒకాయన తనది అమ్ముతానంటే పోయి తెచ్చుకున్నాను. 800 ఫిల్ పవర్ గూస్ డౌన్, 1,150 గ్రాములు. గదికీ గదికీ మధ్య పలుచని జాలీ గుడ్డ గోడలు కట్టి కుట్టింది. పైగుడ్డనూ లోపలి గుడ్డనూ కలిపి నేరుగా కుట్టేస్తే ఆ కుట్టు పొడుగునా డౌన్ ఉండదు, చలి అక్కణ్నుంచే వస్తుంది. ఇందులో ఆ బాధ లేదు.

అయితే బ్యాగు చచ్చుబడి ఉంది. పరిచి, దులిపి, గంట ఆగి స్కేలు పెడితే ఛాతీ దగ్గర 12 సెంటీమీటర్లు. ఇలాంటిది 20 దాకా పొంగాలి. ఏళ్ల తరబడి చిన్న సంచిలో కుక్కిపెట్టారు, చెమట, ఒంటి జిడ్డు పట్టింది.

మా అవ్వ దాన్ని ఒంటిచేత్తో ఎత్తి చూసింది. "ఏమ్మే, ఇంత తేలికగుండాది, ఇది చలికి ఆగుతుందా? కురుబోళ్ల కంబళి చాలదా నీకు?" అనింది. కంబళి తడిసినా కొంత వేడి నిలుపుతుంది, ఆ మాటకొస్తే డౌన్ కన్నా అదే నయం. కానీ ఆ చలికి సరిపడా కంబళ్లు మోయాలంటే గాడిద కావాలి. ఫిల్ పవర్ గురించి అవ్వకు బిందెతో చెప్పాను. 800 ఫిల్ పవరంటే ఒక ఔన్సు, అంటే 28 గ్రాముల డౌన్, 800 ఘనపుటంగుళాల చోటు నింపుతుంది. లీటర్లలో పదమూడు, మన నీళ్ల బిందె అంత. బ్యాగులో నలభై ఔన్సులుంది. నలభై బిందెల గాలి. వేడిని పట్టుకునేది ఆ కదలని గాలే. అవ్వ వెంటనే అందుకుంది. తన పెండ్లికి పరుపు కుట్టించినప్పుడు దూది ఏకే తాత వాకిట్లో కూర్చుని విల్లు మీటుతుంటే పిడికెడు దూది బుట్టెడయ్యేదంట. "అణిగిపోయిన పరుపు మళ్లీ ఏకిస్తే కొత్తదే కదా" అనింది. నేను పుస్తకం తెరిచి చెప్పాలనుకున్నదంతా ఆ ఒక్క మాటలో వచ్చేసింది.

మా బోరు నీళ్లలో సబ్బు నురగ రాదు, తెట్టు కడుతుంది. అది డౌన్‌లో చిక్కుకుంటే మళ్లీ పొంగదు. అందుకని కుళాయిలో వచ్చే పీఏబీఆర్ (పెన్న అహోబిలం రిజర్వాయరు) నీళ్లు వారంపాటు డ్రమ్ముల్లో పట్టిపెట్టాను. బట్టల పౌడరు వేస్తే ఈకల సహజమైన నూనె పోయి పెళుసెక్కుతాయి, అందుకే డౌన్‌కని అమ్మే సబ్బు తెప్పించాను. తొట్టిలో వేస్తే బ్యాగు మునగలేదు. లోపలి గాలి అంత మొండిది. ప్యాంటు మడిచి తొట్టిలో దిగి మెల్లగా తొక్కాను. బురదరంగు నీళ్లు, తడిసిన బాతు వాసన. నాలుగుసార్లు జాడించాను.

ఇక్కడే చాలామంది బ్యాగును పాడుచేసుకుంటారు. తడిసిన డౌన్ రాయిలా బరువు. ఒక కొస పట్టుకుని ఎత్తితే లోపలి జాలీ గోడలు చిరిగిపోతాయి, ఇక వాటిని కుట్టేవాళ్లు దొరకరు. చుట్టగా చుట్టి నీళ్లు నొక్కేసి, దాని కిందికి దుప్పటి తోసి, నేనూ తమ్ముడూ ఆ దుప్పటి నాలుగు కొసలూ పట్టుకుని మోశాం.

మిద్దె మీద పందిరి నీడలో నులక మంచం వేశాం. ఎండ తగిలితే నైలాను చెడుతుంది, నీడే కావాలి. కిందా పైనా గాలి ఆడాలి, దానికి నులక మంచాన్ని మించింది నాకు కనబడలేదు. కరువు సీమ అని తిట్టుకునే ఈ పొడిగాలి ఆ మూడు రోజులూ నాకు దేవుడే. గంటకోసారి తిప్పడం, గట్టిపడిన ఉండల్ని గుడ్డ మీదనుంచే వేళ్లతో విడదీయడం. అవ్వ వేళ్లు నాకన్నా చురుకు. పైపొర ఆరిపోయినా లోపల తడి దాక్కుంటుంది, అట్లే చుట్టిపెడితే బూజు పడుతుంది. వెలుగుకు ఎత్తి పట్టి నల్లగా మచ్చలు కనబడిన చోటల్లా మళ్లీ విడదీశాం. మూడో రోజు సాయంత్రం ఒక్క మచ్చా లేదు. స్కేలు పెడితే 19 సెంటీమీటర్లు. తమ్ముణ్ని పిలిచి మళ్లీ కొలిపించాను.

ఆగస్టులో కార్గిల్ నుంచి సురు లోయలో టాంగోల్ దాకా బండి, అక్కణ్నుంచి నడక. ఆరు వేల మీటర్ల పైన ఉన్న క్యాంపులో ఆ రాత్రి మా థర్మామీటరు మైనస్ 19 చూపింది. వీపు కింద డౌన్ నలిగిపోయి పనిచేయదు కాబట్టి ఫోమ్ చాప మీద గాలి చాప వేసుకున్నాను. వేడినీళ్ల సీసా తొడల మధ్య, బూట్ల లోపలి తొడుగులు, బ్యాటరీలు కాళ్ల దగ్గర. ముక్కూ నోరూ మాత్రం బయటే, ఊపిరి లోపల వదిలితే ఆ తేమ డౌన్‌లోకే పోతుంది. తెల్లారి కాలరు చుట్టూ మంచు గడ్డకట్టి ఉంది. గుడారం మీద పరిచి ఎండకు దులిపాను. కాళ్లు మాత్రం రాత్రంతా వెచ్చగా ఉన్నాయి. పడుకున్నంతసేపూ అవ్వ వేళ్లే గుర్తొచ్చాయి. మరుసటి రోజు గాలి విపరీతంగా లేచి అక్కణ్నుంచే వెనక్కి దిగేశాం.

ఇప్పుడు బ్యాగు అవ్వ పాత నూలు చీరతో కుట్టిన పెద్ద వదులు సంచిలో, వెనక గది కొక్కేనికి వేలాడుతోంది. మొన్న తీసి కొలిస్తే 19 అట్లే ఉంది. కాలరు ఒక్కటే జిడ్డు పట్టింది. దాన్ని మాత్రం తడిబట్టతో, రెండు చుక్కల సబ్బుతో తుడవాలి. మొత్తం ఉతుకు ఇంకో రెండేళ్ల దాకా పెట్టుకోను.