రిపోర్టులన్నీ నార్మల్, నొప్పి మాత్రం నిజం: ఐబీఎస్ ఉన్న టీనేజర్లతో నా అనుభవం

కడుపునొప్పితో వచ్చిన 13, 14 ఏళ్ల పిల్లల్ని నేను మొదట అడిగేది నొప్పి ఎప్పుడొస్తుందని. విరేచనానికి వెళ్లొస్తే తగ్గుతుందా? నెలలో ఎన్ని రోజులు? ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్, పేగులు అతిగా స్పందించి కడుపునొప్పి తెచ్చే సమస్య) అనాలంటే, దాన్ని గుర్తించడానికి నిపుణులు పెట్టిన 2016 నాటి రోమ్-4 ప్రమాణాల ప్రకారం నెలకు కనీసం 4 రోజులు నొప్పి ఉండాలి. దాంతోపాటు విరేచనంతో సంబంధమో, వెళ్లే సార్లలో మార్పో, మలం రూపంలో మార్పో కనిపించాలి. ఇది కనీసం 2 నెలలుగా సాగుతుండాలి. మలబద్ధకం ఉంటే ముందు దాన్ని పూర్తిగా తగ్గిస్తాను. దాంతోపాటే నొప్పి కూడా పోతే అది ఐబీఎస్ కాదు. ఈ మెట్టు వదిలేస్తే తేలికగా తగ్గే పిల్లలు కూడా ఏళ్లతరబడి బాధపడతారు.

పరీక్షలు కొన్నే రాస్తాను: రక్తకణాల లెక్క, సీఆర్‌పీ (ఒంట్లో వాపును చూపే రక్తపరీక్ష), మలంలో కాల్‌ప్రొటెక్టిన్ (పేగుల్లో వాపును చూపే ప్రొటీన్), సీలియాక్ (గోధుమల్లోని గ్లూటెన్ పడక పేగు దెబ్బతినే జబ్బు) కోసం టీటీజీ-ఐజీఏ అనే రక్తపరీక్ష. చివరిదానితోపాటు రక్తంలో మొత్తం ఐజీఏ (ఒక రకం యాంటీబాడీ) కూడా చూడాలి, అది తక్కువుంటే జబ్బు ఉన్నా లేనట్టే వస్తుంది. గోధుమలు మానేసి ఈ పరీక్షకు వచ్చినా అంతే. ఐబుప్రొఫెన్ లాంటి మాత్రలు వాడుతుంటే కాల్‌ప్రొటెక్టిన్ పెరిగి అనవసరపు భయం పుడుతుంది.

అన్నీ నార్మల్ అని వచ్చిన రోజే నాకు అసలు పని. "ఏమీ లేదు" అన్న మాట నేను వాడను. ఆ మాట వినగానే పిల్లలకు తాము నటిస్తున్నామని అన్నట్టు తోస్తుంది. ఎండకు కమిలిన వీపు మీద చొక్కా తగిలితే మండుతుంది కదా, చొక్కాలో తప్పేం లేదు, చర్మం కింది నాడులు అతిగా స్పందిస్తున్నాయి, మీ పేగుల్లోనూ అదే జరుగుతోంది అని చెబుతాను. దీన్ని పరిశోధనల్లో కొలిచారు కూడా. మలాశయంలో చిన్న బెలూన్ పెట్టి మెల్లగా గాలి నింపితే, ఐబీఎస్ ఉన్న పిల్లల్లో చాలామంది మిగతావారికంటే తక్కువ ఒత్తిడికే నొప్పి అంటారు. కొందరిలో ఇది పేగు ఇన్ఫెక్షన్ తర్వాత మొదలవుతుంది: ఇన్ఫెక్షన్ తగ్గినా నాడుల ఉలికిపాటు మిగిలిపోతుంది. నిద్రలేమి, పరీక్షల ఒత్తిడి, బాలికల్లో నెలసరి రోజులు దాన్ని ఇంకా పెంచుతాయి.

తర్వాత 2 వారాల డైరీ. రాత్రి ఒక్కసారే, పిల్లలే రాయాలి: 0 నుంచి 10 వరకు నొప్పి, బ్రిస్టల్ చార్టులో (మలం రూపాన్ని రకాలుగా చూపే బొమ్మల పట్టిక) మలం రకం, నిద్రపోయిన గంటలు, నెలసరి తేదీలు. తల్లిదండ్రులకు నేను పెట్టే నియమం ఒకటే, పాటించడం వాళ్లకు చాలా కష్టం: "ఇంకా నొప్పిగా ఉందా?" అని అడగొద్దు. ప్రేమతో అడిగినా, అడిగిన ప్రతిసారీ పిల్లల ధ్యాస కడుపు మీదికే మళ్లుతుంది, నొప్పి ఎక్కువగా తెలుస్తుంది. పిల్లలే చెబితే వినాలి, నమ్మాలి, తర్వాత వేరే పనిలోకి మళ్లించాలి.

పొట్ట కదిలేలా ఊపిరి తీయడం 4 లెక్కపెట్టేంత సేపు, వదలడం 6 లెక్కపెట్టేంత సేపు, రోజుకు 2 సార్లు, 10 నిమిషాల చొప్పున నేర్పిస్తాను. నొప్పి లేనప్పుడే సాధన చేయాలి. నొప్పి ఎక్కువైనప్పుడు కొత్తగా మొదలుపెడితే కుదరదు, దీనివల్ల లాభం లేదని వదిలేస్తారు. కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ (నొప్పి గురించిన ఆలోచనల్ని, అలవాట్లను మార్చుకోవడం నేర్పే చికిత్స), పేగుల మీద దృష్టి పెట్టే హిప్నోథెరపీ (హిప్నాసిస్‌తో చేసే చికిత్స) బాగా పనిచేస్తాయి. అయితే మొదటి రోజే నాడుల సంగతి విడమరచి చెప్పకపోతే "మానసికం అంటున్నారు" అని నొచ్చుకుని వెళ్లిపోతారు. పెప్పర్‌మింట్ నూనె క్యాప్సూల్ ఇస్తే నమలకుండా మింగాలి, నమిలితే ఛాతీలో మంట. ఓపియాయిడ్ (నల్లమందు తరహా) నొప్పి మాత్రలు మాత్రం ఇవ్వను: మలబద్ధకం తెస్తాయి, వాడుతున్నకొద్దీ నొప్పి తెలియడాన్నే పెంచగలవు.

మళ్లీ వచ్చినప్పుడు ముందుగా బడికి వెళ్లిన రోజులు లెక్కపెడతాను, నొప్పి అంకె తర్వాత. చాలామందిలో బడి రోజులే ముందు మెరుగుపడతాయి. ప్రతిసారీ ఎత్తు, బరువు చార్టులో గుర్తిస్తాను. గీత కిందికి వంగినా, మలంలో రక్తం పడినా, విరేచనాలు రాత్రి నిద్రలేపుతున్నా పాత రిపోర్టులు పక్కనపెట్టి మొదటినుంచి చూస్తాను.