నాయనమ్మకు ఫ్రీ, మనవరాలికి హాఫ్ టికెట్

ఆడవాళ్ళకు బస్సు ఊరికే గదా అని వేసవి సెలవుల్లో పిల్లల్ని వెంటేసుకుని ఒంగోలు నుంచి నెల్లూరు బయల్దేరేవాళ్ళు ముందు ఆధార్ కార్డు మీద అడ్రసు చూసుకోండి. 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి ఉచిత బస్సు పథకం ఆంధ్రప్రదేశ్ అడ్రసు ఉన్నవాళ్ళకే. మా అబ్బాయి పిల్లలు హైదరాబాదులో పుట్టి పెరిగారు. కండక్టరు నా కార్డు చూసి జీరో టికెట్ కొట్టాడు. మనవరాలి కార్డు రెండుసార్లు తిప్పి చూసి, "పాపది తెలంగాణ గదమా, హాఫ్ టికెట్ తీసుకోవాల" అన్నాడు.

"నేను ఆడపిల్లను కాదా నాయనమ్మా?" అంది పదేళ్ళ పిల్ల, బస్సంతా వినేటట్టు.

ఆడపిల్లవేనే, కాకపోతే పక్క రాష్ట్రం ఆడపిల్లవి. మీ ఊళ్ళో మహాలక్ష్మి పథకం కింద నీకు ఫ్రీ, నాకు టికెట్. ఇక్కడ నాకు ఫ్రీ, నీకు టికెట్. చెల్లుకు చెల్లు అన్నాను. తమ్ముడికి కూడా తనతో సమానంగా హాఫ్ టికెట్ కొట్టడం చూశాక గానీ దాని అలక తీరలేదు.

ఫ్రీ అన్నారని కనబడ్డ బస్సల్లా ఎక్కకూడదు. దూరాలకు పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, ఇవే. సూపర్ లగ్జరీలో, ఏసీ బస్సుల్లో ఈ పథకం చెల్లదు. వాటిలో అరవై దాటినవాళ్ళకు పాతిక శాతం తగ్గింపు ఉంది, వయసు తెలిసే కార్డు చూపించి మనమే అడగాలి. నెల్లూరుకు ఎక్స్‌ప్రెస్సే సరి. పల్లెవెలుగు ఎక్కితే చెట్టు చెట్టుకూ ఆగి పొద్దు గూకుతుంది. డబ్బులు ఇవ్వకపోయినా జీరో టికెట్ మాత్రం అడిగి తీసుకుని చేతిలో పెట్టుకోండి. చెకింగ్ వాళ్ళు ఎక్కితే మనిషికో కాగితం చూపించాలి. కార్డు అసలుదే తీసుకెళ్ళండి. జిరాక్సు చూపించి కండక్టరుతో వాదన పెట్టుకుంటే వెనక నిలబడ్డ ముప్పై మంది మనల్నే తిడతారు.

రైలుకు పోవచ్చు గదా అంటారు. రెండు గంటల లోపే దించేస్తుంది, నిజమే. కానీ 58 దాటిన ఆడవాళ్ళకు రైల్లో సగం టికెట్ ఉండేది, 2020 మార్చిలో అది తీసేశారు, మళ్ళీ ఇవ్వలేదు. అప్పట్నుంచి రైలుకూ నాకూ మాటల్లేవు.

ఇక సీటు. ఒంగోలు నుంచి నెల్లూరు దారి దక్షిణానికి. పొద్దుటెండ ఎడమ పక్క కొడుతుంది, కాబట్టి డ్రైవరు వైపు సీట్లు పట్టాలి. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు బస్సు ముఖం ఉత్తరానికి, ఎండ పడమట, అంటే మళ్ళీ ఎడమ పక్కే. పోయేటప్పుడైనా వచ్చేటప్పుడైనా కుడి పక్కే అని గుర్తుంచుకుంటే చాలు. వెనక చక్రం మీది సీటులో కాళ్ళు కింద పెట్టుకోవడానికి చోటుండదు, మోకాళ్ళు గడ్డానికి తగుల్తాయి. చివరి వరస కుదుపుకు పిల్లలకు వాంతులొస్తాయి. ఎక్కే ముందు పాలు తాగించకండి, ఇడ్లీ పెట్టండి. ఒక నిమ్మకాయ, నాలుగు ప్లాస్టిక్ కవర్లు పైకి అందేటట్టు పెట్టుకోండి. సంచి అడుగున ఉన్న కవరు అవసరానికి అందదు.

దారిలో పెట్టడానికి దద్దోజనాన్ని మించింది లేదు, కాకపోతే కలపడంలో కిటుకుంది. గ్లాసు బియ్యం మెత్తగా వండి, వేడి మీదే గరిటెతో మెదిపి, కాచిన పాలు రెండున్నర గ్లాసులు పోయాలి. గోరువెచ్చగా అయ్యాక ఒక్క చెంచా పెరుగు వేసి కలిపి మూత పెట్టాలి. పొద్దున ఆరింటికి కలిపింది పదకొండింటికి తోడుకుని కమ్మగా ఉంటుంది. అచ్చంగా పెరుగుతోనే కలిపారా, మే నెల ఎండకు కావలి రాకముందే పులుస్తుంది. తొందరపడి పొగలొచ్చే అన్నంలో పెరుగు వేశారా, తోడుకోదు, విరిగి నీళ్ళు తేలుతుంది. ఉప్పు తినేటప్పుడు వేసుకోవాలి. నంజుకోవడానికి మాగాయ టెంక ఒకటి పక్కన పెడితే పిల్లలు ఫోను దించి దాన్ని చీకుతారు. ఫోను దింపించే మందు నాకు తెలిసి అదొక్కటే.

టంగుటూరు, సింగరాయకొండ ఇట్టే దాటిపోతాయి. పాకల సముద్రం చూపించమని పిల్లలు గోల పెట్టారు గానీ మే నెల మధ్యాహ్నం ఇసకలోకి పిల్లల్ని తీసుకుపోయేది బుద్ధి లేనివాళ్ళే. నేను దిగేది ఉలవపాడులో, మామిడికాయలకు.

అక్కడ దిగాలనుకుంటే ఎక్కినప్పుడే కండక్టరును అడగాలి, బస్సు ఊళ్ళో ఆగుతుందా, హైవే మీదే ఉరుక్కుంటూ పోతుందా అని. దిగి ఇంకో బస్సు ఎక్కితే నాకు ఇంకో జీరో టికెట్, ఖర్చేం లేదు. పిల్లల హాఫ్ టికెట్లు మాత్రం రెండు ముక్కలయ్యేసరికి కాస్త ఎక్కువ పడతాయి. ఆ ఎక్కువ మామిడికాయల బేరంలో రాబట్టుకోవాలి.

ఏప్రిల్ నుంచి జూన్ దాకా రోడ్డు పొడుగునా తాటాకు పందిళ్ళు, బంగినపల్లి గుట్టలు. కారు దిగినవాళ్ళకు ఒక రేటు, బస్సు దిగినవాళ్ళకు ఒక రేటు. నా ముందే కారాయన కిలో వందకు రెండు పెట్టెలు ఎక్కించుకుపోయాడు. నేను అరవై అన్నాను. "గిట్టదమా, తోట కౌలే అంత పడింది, నువ్వే చూడు ఎండ ఎట్టుండాదో" అన్నాడు పందిట్లో అబ్బాయి. ఎండకూ రేటుకూ సంబంధం ఏమిటని అడిగితే నవ్వి డెబ్బైకి దిగాడు. బేరం అయ్యాక కాటా దగ్గర కళ్ళు పెట్టుకోవాలి. అట్టపెట్టెతో కలిపి తూస్తే పెట్టె బరువుకూ మనమే డబ్బులిస్తాం. ముందు ఖాళీ పెట్టె తూయించండి.

పండు చూసే పద్ధతి: తొడిమ దగ్గర వాసన చూడాలి. చెట్టున ముదిరి గడ్డిలో మగ్గిన కాయకు అక్కడ వాసన వస్తుంది, తోలు మీద అక్కడక్కడా ఆకుపచ్చ మిగిలుంటుంది, చిన్న చుక్కలుంటాయి. ఒళ్ళంతా ఒకే పసుపు పూసినట్టుండి వాసన లేదంటే మందు పెట్టి మగ్గించారని అనుమానించాలి. కార్బైడ్ వాడకూడదని ప్రభుత్వం నిషేధించినా ఆ కాయలు వస్తూనే ఉన్నాయి. కోస్తే టెంక చుట్టూ తెల్లగా, పుల్లగా ఉంటుంది. అందుకని నేను పండ్లు తక్కువ, ముదురు కాయలు ఎక్కువ తీసుకుంటాను. ఇంటికి తెచ్చి వరిగడ్డిలో ఒక వరస కాయ, ఒక వరస గడ్డి పేర్చి చీకటి గదిలో పెడితే ఐదారు రోజుల్లో దిగుతాయి. రోజూ ఒకసారి చేత్తో తడిమి చూసి మెత్తబడ్డవి తీసేయాలి. ఒక్కటి కుళ్ళితే పక్కవాటిని కూడా పాడుచేస్తుంది. తినే ముందు అరగంట నీళ్ళలో వేయాలి, సొన పోతుంది. హైదరాబాదు పిల్లలు పండును ముక్కలు కోసి ఫోర్కుతో తింటారు. బంగినపల్లికి ఆ మర్యాద సరే. రసాలకు కూడా ఫోర్కు అడిగితే మటుకు నేనివ్వను.

ఉలవపాడు ఉన్న ఈ కందుకూరు ప్రాంతం 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా నెల్లూరు జిల్లాలోదే. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పంతులు పేరు పెట్టారు. 2022లో కందుకూరును మళ్ళీ నెల్లూరులో కలిపారు, 2025 ఆఖర్లో తిరిగి ప్రకాశంలో వేశారు. హద్దు ఎటు జరిపినా కాయ రుచి మారలేదు, రేటు మాత్రం ప్రతి ఏడూ మారుతుంది. పండ్లతో పాటు పుల్లటి నాటుకాయలు నాలుగు విడిగా ఏరుకున్నాను. అవి నెల్లూరులో చేపల పులుసుకు.

కావలిలో జనం దిగి కాళ్ళకు చోటు దొరికింది. కోవూరు దాటి పెన్న వంతెన ఎక్కితే నీళ్ళ కంటే ఇసకే ఎక్కువ. ఒడ్డున రంగనాథస్వామి గాలిగోపురం కనబడగానే పిల్లలు సంచులు సర్దారు. బస్టాండు బయట ఆటో అబ్బాయి నూట యాభై అన్నాడు. ఒంగోలు నుంచి నూట ఇరవై కిలోమీటర్లు ఊరికే వచ్చి, అమ్మాయి ఇంటిదాకా మూడు కిలోమీటర్లకు నూట యాభై! నూరుకు బేరమాడాను. ఆ నూరు ఇప్పటికీ కడుపులో మండుతూనే ఉంది.

పులుసుకు చేప పిల్లల్ని బట్టి ఎంచాలి. బొచ్చెకు రుచి ఉంది గానీ ముక్కలో సన్న ముళ్ళు రెండు పాయలుగా చీలి ఉంటాయి, ముళ్ళు తీసుకోవడం రాని పిల్లలకు పెట్టకూడదు. కొరమీనుకూ వంజరానికీ ఆ బాధ లేదు, నడుము ముల్లు తీస్తే అయిపోయింది. మా అమ్మాయి కొరమీను తెప్పించింది. బతికున్నదే తూయించాలి. జిగురు పోవడానికి రాళ్ళ ఉప్పు వేసి గరుకు బండ మీద రుద్దాలి. పైపైన కడిగితే పులుసు నీచు వాసన వేస్తుంది. కిలో చేప తలా పేగులూ పోను ముప్పాతిక కిలో కూడా తేలదు. రేటు అడిగి అమ్మాయి ముందు నోరు జారకుండా ఊరుకున్నాను.

కిలో ముక్కలకు లెక్క ఇది. ముక్కలకు పసుపు, ఉప్పు, చెంచా కారం పట్టించి పక్కన పెట్టాలి. మామిడికాయ వేస్తున్నాం కాబట్టి చింతపండు యాభై గ్రాములు చాలు, కాయ లేకపోతే ఎనభై. పెద్ద ఉల్లిపాయలు రెండు, టమాటాలు రెండు, పచ్చిమిరపకాయలు ఆరు, వెల్లుల్లి ఒక గడ్డ. నూనె నూరు గ్రాములకు తగ్గితే పులుసు పలచగా చారులాగా మిగులుతుంది. చివర్లో వేసే పొడికి ధనియాలు రెండు చెంచాలు, జీలకర్ర చెంచా, మిరియాలు అర చెంచా, మెంతులు పావు చెంచా. విడివిడిగా వేయించాలి. మెంతులు ఎర్రబడితే చాలు, నల్లబడ్డాయా పులుసంతా చేదు, దానికి విరుగుడు లేదు.

మట్టి దాకలో ఆవాలు, కరివేపాకు తాలింపు పెట్టి ఉల్లిపాయలు, పచ్చిమిరపకాయలు, వెల్లుల్లి, టమాటాలు మగ్గాక మంట తగ్గించి మూడు చెంచాల కారం వేయాలి. మంట పెద్దదిగా ఉండగా వేస్తే కారం మాడి రంగు పోతుంది. చింతపండు పులుసు పోసి, నూనె పైకి తేలేదాకా పావుగంట మరగనివ్వాలి. కొత్తవాళ్ళు తప్పు చేసేది ఇక్కడే. పులుసు మరగకముందే ముక్కలు వేస్తారు. ముక్క ఉడికిపోతుంది, పులుసుకు పచ్చివాసన పోదు. ఇంకా మరిగిద్దామంటే ముక్క చెదిరిపోతుంది. ముక్కలు వేశాక గరిటె జోలికి పోకూడదు, దాక అంచులు మసిగుడ్డతో పట్టుకుని అటూ ఇటూ తిప్పాలి. ఐదు నిమిషాలయ్యాక మామిడి ముక్కలు టెంకతో సహా వేయాలి. ముందే వేస్తే కరిగి ఆనవాలు లేకుండా పోతాయి. సన్న సెగన ఇంకో పది నిమిషాలు ఉంచి, పొడి చల్లి దించేయాలి.

మా ఒంగోలు వైపు నమ్మకమంతా చింతపండు మీదే. పులుసులో మామిడికాయ వేసే విషయంలో నెల్లూరువాళ్ళు మనకంటే తెలివైనవాళ్ళని ఒప్పుకుంటాను. వాళ్ళ ముందు మాత్రం అనను.

వండిన పూటే తింటే సగం రుచే. రాత్రి ఒకసారి బుసబుసా పొంగేదాకా కాచి, మూత ఓరగా పెట్టి వదిలేయాలి. మే నెలలో అలా కాచకపోతే తెల్లారేసరికి నురగ కడుతుంది. పొద్దున దోశెల్లోకి అమ్మాయి ఆ పులుసే వడ్డించింది. రాత్రి ముక్క ముట్టని మనవడు మామిడి టెంక కోసం అక్కతో కొట్లాడాడు.

మా అబ్బాయి హైదరాబాదు నుంచి ఫోను చేసి తనకు పార్సిల్ కావాలన్నాడు. పంపొచ్చు, కాకపోతే మట్టి దాకలో కాదు. ముక్కలు తీసేసి ఉత్త పులుసే ఇంకో పది నిమిషాలు దగ్గరపడేదాకా కాచి, పూర్తిగా ఆరాక బిగుతు మూత స్టీలు డబ్బాలో ముప్పావు వంతు వరకే పోయాలి. నిండా పోస్తే కుదుపుకు మూత సందుల్లోంచి కారుతుంది. డబ్బాను రెండు కవర్లలో కట్టి నిలువుగా పెట్టాలి. రాత్రి ఎక్కే బస్సుకైతేనే ఇస్తాను, పగటి ఎండలో ప్రయాణానికి ఇవ్వను. ముక్కలు కావాలంటే తనే నెల్లూరు రావాలి, మగాడు కాబట్టి ఫుల్ టికెట్ కొనుక్కుని.