సాల్ట్స్ మిల్లుకి వెళ్తే పైకప్పు చూడండి

సాల్ట్స్ మిల్లు ఇంగ్లండ్‌లో ఒక పాత బట్టల మిల్లు, ఇప్పుడు గ్యాలరీ. ఇక్కడికి వచ్చేవాళ్లలో చాలామంది చిత్రకారుడు డేవిడ్ హాక్నీ బొమ్మలు చూసి, పుస్తకాలు కొనుక్కుని వెళ్లిపోతారు. నేను స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని, నా కళ్లు ముందు పైకప్పుకే పోతాయి.

వరసగా పోత ఇనుప స్తంభాలు, వాటి మీద ఇనుప దూలాలు, దూలానికీ దూలానికీ మధ్య ఇటుక కమానులు. హైదరాబాద్ పాత బంగళాల్లో జాక్ ఆర్చ్ కప్పు చూసినవాళ్లు వెంటనే గుర్తుపడతారు. నిప్పు భయంతో కట్టిన కప్పు ఇది. పాత మిల్లుల్లో నేలలు చెక్కవి. మెషిన్ల నూనె వాటిలోకి ఇంకేది, గాలి నిండా నూగు. ఒక్క దీపం ఒరిగితే చాలు.

బ్రాడ్‌ఫర్డ్ దగ్గర, ఏర్ నది పక్కన టైటస్ సాల్ట్ అనే మిల్లు యజమాని దీన్ని 1853లో తన యాభయ్యో పుట్టినరోజున తెరిచాడు. ఆర్కిటెక్టులు లాక్‌వుడ్, మాసన్. ఇంజనీరింగ్ విలియం ఫెయిర్‌బెయిర్న్‌ది. ముందు వైపు పొడవే 545 అడుగులు. 1868 నాటి కొత్త మిల్లు పొగగొట్టాన్నయితే వెనిస్ చర్చి గంటగోపురంలా కట్టారు. ఆడంబరమే, అయినా నాకిష్టం. అంతకన్నా ఇష్టం నేత షెడ్డు. మగ్గాలు తిప్పే షాఫ్టుల్ని, అంటే ఇంజను శక్తిని మగ్గాలకి అందించే తిరిగే కడ్డీల్ని, చాలావరకు నేల కిందికి దించేశారు. దాంతో చప్పుడు తగ్గింది, తల మీద తిరిగే బెల్టుల బెడదా తగ్గింది.

అమ్మ వరంగల్ నుంచి వచ్చినప్పుడు మిల్లు చుట్టూ ఉన్న సాల్టైర్ ఊరంతా తిప్పాను. కార్మికుల కోసం సాల్ట్ 800కి పైగా ఇళ్లు, చర్చి, బడి, ఆసుపత్రి కట్టించాడు, పబ్బుకి మాత్రం చోటివ్వలేదు. అమ్మ అంతా విని, "ఇల్లు ఆయనదే, పని ఆయనదేనాయె. లొల్లి అయితే ఏడికి పోవాలె బిడ్డా?" అంది. సాల్ట్ మంచితనం గురించి రాసేవాళ్లు ఈ ప్రశ్న కూడా రాయాలి.

1986లో ఇక్కడ ఉత్పత్తి ఆగిపోయింది. మరుసటి ఏడాది జొనాథన్ సిల్వర్ అనే వ్యాపారి కొని గ్యాలరీ పెట్టాడు. బరువంతా స్తంభాలే మోస్తాయి కాబట్టి, విశాలమైన హాళ్లు ఏ పనికైనా ఒదిగాయి. 2001లో మిల్లుతో సహా సాల్టైర్‌కి యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపూ వచ్చింది. మా వరంగల్‌లో 1934లో మొదలైన ఆజంజాహి మిల్లుకి ఆ అదృష్టం లేదు. మూతపడ్డాక దాదాపు అంతా కూల్చేశారు. పనికొచ్చే కట్టడాన్ని కూల్చడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

లీడ్స్ నుంచి సాల్టైర్‌కి నేరుగా రైలుంది, స్టేషన్ మిల్లుని ఆనుకునే ఉంటుంది. లోపలికి టికెట్ లేదు.