గీత వైపు నుంచి

ఆదివారం. వాన పడుతూ ఆగుతూ ఉంది, ఎక్కడికీ వెళ్ళలేదు. భోజనాలయ్యాక టీవీలో ‘దృశ్యం’ వస్తుంటే అమ్మా నేనూ కూర్చున్నాం. 2014లో వచ్చిన వెంకటేష్ సినిమా. జీతూ జోసెఫ్ మలయాళంలో తీసిన కథని మనకి శ్రీప్రియ తీశారు. ఎప్పుడు చూసినా, కూతురి చేతిలో పోయిన కుర్రాడి కేసులోంచి రాంబాబు (వెంకటేష్) ఎలా బయటపడతాడన్న టెన్షనే నాకు. బస్సు టికెట్లు, హోటల్ బిల్లులు, పోలీసులు అడిగితే ఏం చెప్పాలో పిల్లలకి నేర్పించడం, అన్నీ కంఠతా వచ్చు. ఇవాళ మాత్రం నా కళ్ళు నదియాని వదల్లేదు.

సినిమాలో ఆవిడ పోలీసు పెద్దాఫీసరు, ఐజీ గీతా ప్రభాకర్. కొడుకు కనిపించడంలేదని మొదట తల్లిగానే తల్లడిల్లుతుంది. అనుమానం రాంబాబు మీదకి మళ్ళాక ఆ దుఃఖం కాస్తా పగ అయిపోతుంది, దానికి అధికారం తోడు. పోలీసు వీరభద్రం రాంబాబు చిన్నకూతురు అనుని, అంత చిన్నపిల్లని కొడుతుంటే ఆపదు. అక్కడ ఆవిడ మీద జాలి మొత్తం పోతుంది నాకు. కడుపుకోత ఎంతటిదైనా కానీ, ఇంకొకరి బిడ్డని కొట్టించే హక్కు ఎవరికీ లేదు.

రాంబాబు పెద్దకూతురు అంజు, గీత కొడుకుని చంపాలనుకోలేదు. తను స్నానం చేస్తుండగా తీసిన వీడియో అడ్డం పెట్టుకుని బెదిరిస్తుంటే ఆ ఫోన్ పగలగొట్టాలనుకుంది. అత్యాచారం చెయ్యబోయేవాణ్ణి అడ్డుకునేటప్పుడు వాడి ప్రాణం పోయినా అది ఆత్మరక్షణే అని అప్పటి శిక్షాస్మృతి ఐపీసీ 100వ సెక్షన్ చెప్పేది. మంచి లాయరు దొరికితే వాదించగలిగే కేసే. కానీ ఏ స్టేషన్‌కి వెళ్తారు? పోయినవాడి తల్లే ఐజీ. పైగా ఆ వీడియో సంగతి నలుగురిలో పడితే పిల్ల బతుకేం కాను? అందుకే రాంబాబుని తప్పుపట్టడానికి నాకు మనసు రాదు.

చివర్లో ఉద్యోగం వదిలేసిన గీత, భర్తతో కలిసి రాంబాబు దగ్గరికి వస్తుంది. ప్రభాకర్‌గా నరేష్ ప్రాధేయపడేది ఒక్కటే, మా అబ్బాయి ఇంక తిరిగి రాడా అని. రాంబాబు నేరం ఒప్పుకున్నట్టు కాకుండానే, వాళ్ళకి అర్థమయ్యేలా చెబుతాడు. చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్న అమ్మ చెయ్యి ఆగిపోయింది.

“పోయాడని తెలిసింది సరే, ఏ తిథికి పెట్టుకుంటారే తద్దినం?” అంది.

మా పాతింటి పక్క పిన్నిగారు గుర్తొచ్చి ఉంటారు. ఆవిడ పెద్దకొడుకు పనికని ఊరు వెళ్ళి మళ్ళీ రాలేదు. చేతిలో ఫోన్లు మారాయి కానీ నంబరు మార్చనివ్వరు, వాడికి తెలిసిన నంబరు ఇదొక్కటే కదా అంటారు. రేషన్ కార్డులోంచి పేరు తీయిద్దామన్నందుకు చిన్నకొడుకుతో కొన్నాళ్ళు మాట్లాడలేదు. ఏడేళ్ళు కబురు లేకపోతే మనిషి లేనట్టే లెక్క అని 1872 నాటి సాక్ష్యాల చట్టం నుంచీ ఉంది. బ్యాంకు పనులకీ ఆస్తి పనులకీ అది చాలు. కన్నతల్లికి చాలదు. గీత చేసినవేవీ పిన్నిగారు చెయ్యలేదు, చెయ్యలేరు కూడా. కానీ ఇద్దరి కొరతా ఒకటే.

ఆ కొరత కథ రాసినవాళ్ళకీ తెలుసనుకుంటాను. 2021 నవంబర్‌లో థియేటర్లకి కాకుండా నేరుగా ప్రైమ్‌లో వచ్చిన రెండో భాగంలో రాంబాబు పోలీసుల్ని మళ్ళీ బోల్తా కొట్టిస్తాడు. ఆ తెలివితేటలకి అందరూ చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం ఆ తెలివి కంటే, ఆ కుర్రాడి అస్థికలు తల్లిదండ్రులకి చేరేలా చెయ్యడమే పెద్ద విషయం. రాంబాబు వాళ్ళకి బాకీపడింది అదే. తన పిల్లని కాపాడుకోవడం న్యాయమే, కానీ ఇంకో తల్లికి కర్మ చేసుకునే వీలు కూడా లేకుండా చెయ్యడం న్యాయం కాదు.

అమ్మ రెండో భాగం చూడలేదు. వచ్చే ఆదివారం పెడదామనుకుంటున్నాను. అస్థికల సీన్ ఉందని ముందే చెప్పేస్తాను.